కెప్టెన్ నీమో చివరి మాట

సూరత్ నగరంలోని లింబాయత్ పేటలో ఆదివారం సాయంత్రం మరమగ్గాల చప్పుడు కాస్త తగ్గుతుంది. పూర్తిగా ఆగదు. ఆ మాత్రం నెమ్మది చూసుకొని, ఒక మేడమీది గదిలో మేము కొంతమంది తెలుగువాళ్లం చేరుతాము. తెలంగాణ జిల్లాల నుండి నేతపని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలవారే ఎక్కువ. ఇక్కడి నగరపాలక సంస్థ నడిపే బడులలో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నవంటే మనవాళ్ల సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చును. నా వృత్తి అనువాదం. చేతిలో ఉన్న పుస్తకంలో నుంచి వారానికి కొన్ని పుటలు వారికి చదివి వినిపించటం నాకు అలవాటు. వాక్యం ఎక్కడ కుంటుతున్నదో అచ్చుకు పోకముందే తెలుసుకోవటానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

ఒక ఆదివారం జూల్స్ వెర్న్ వ్రాసిన 'సముద్రగర్భంలో ఇరవైవేల లీగులు' ముగిసింది. నార్వే తీరాన భయంకరమైన సుడిగుండంలో నాటిలస్ అనే జలాంతర్గామి చిక్కుకుంటుంది. అందులో బందీలుగా ఉన్న ప్రొఫెసర్ అరొనాక్స్, అతని ఇద్దరు సహచరులు ఎలాగో బయటపడి, లోఫోటెన్ దీవులలో ఒక జాలరి గుడిసెలో కళ్లు తెరుస్తారు. నాటిలస్ ఏమైనదో, దాని అధిపతి కెప్టెన్ నీమో ఏమైనాడో అరొనాక్స్‌కు తెలియదు. నీమో అసలు పేరేమిటో, అతనిది ఏ దేశమో కూడా తెలియదు. అంతే, కథ సమాప్తం.

నేను పుస్తకం మూశాను. ఎవరూ కదలలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడు లేచి, "సార్, గా పడవ మునిగిందా, బయటపడ్డదా?" అని అడిగాడు.

"రచయిత చెప్పలేదు" అన్నాను.

వెనుక నుంచి ఒక పెద్దాయన, "గింత కథ చెప్పి గీడ ఆపుతడా?" అన్నాడు. ఆ కంఠంలో నిజమైన కోపం ఉన్నది. నూటయాభై ఏళ్ల క్రిందటి ఫ్రెంచి రచయిత మీద లింబాయత్‌లోని నేతగాడికి వచ్చిన కోపం!

ఆ కోపం న్యాయమైనదేనా అన్న ప్రశ్న ఆనాటి నుండి నన్ను వదలలేదు. వదలకపోవటానికి మరో కారణం కూడా ఉన్నది. ఈ నవలకు కొనసాగింపుగా వెర్న్ వ్రాసిన 'రహస్య ద్వీపం' అప్పటికే నా బల్లమీద ఉన్నది. అందులో నీమో మరణించే ఘట్టాన్ని తెలుగు చేయవలసి ఉన్నది. ఆ మరణంలో నీమో పలికే చివరి మాట ఏదన్న విషయంలోనే పేచీ ఉన్నదని తెలిసి నా కలం ఆగిపోయింది.

వెర్న్‌కూ సూరత్‌కూ చుట్టరికం ఏమిటని ఎవరైనా అడగవచ్చును. ఉన్నది. 1872లో వెలువడిన 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ'లో ఫిలియాస్ ఫాగ్ ప్రయాణించే రైలు బొంబాయి నుండి పడమటి కనుమలు దాటి బుర్హాన్‌పూర్ చేరుతుంది. అతని సేవకుడు పాస్‌పార్టూ అక్కడ ఉత్తుత్తి ముత్యాలు కుట్టిన చెప్పులు కొనుక్కుంటాడు. తరువాత రైలు కొంతదూరం తపతి ఒడ్డున సాగుతుంది. ఆ నది సూరత్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుందని వెర్న్ ఊరి పేరుతో సహా చెప్పాడు. కాకపోతే తపతిని ఆయన చిన్న నది అన్నాడు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీరు ఈ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తిన రోజులు గుర్తున్నవారికి ఆ విశేషణం చదివితే నవ్వు వస్తుంది. వెర్న్ ఎన్నడూ భారతదేశం రాలేదు. పటాలు, యాత్రాగ్రంథాలు ముందుపెట్టుకొని వ్రాశాడు. పటంలో నది సన్నని గీతే గదా!

ఆ నవల ముగింపు మాత్రం ప్రపంచంలోకెల్లా పాఠకులను సంతోషపెట్టిన ముగింపులలో ఒకటి. పందెం ఓడిపోయానని ఫాగ్ ఇంటికి పోయి తలుపు వేసుకుంటాడు. తూర్పుదిక్కుగా భూమిని చుట్టిరావటంలో ఒక రోజు కలిసివచ్చిందని మరునాడు తెలుస్తుంది. నేను ఈ కథను మొదట బడిలో నాన్‌డిటైల్డ్ పుస్తకంగా, కుదించిన ప్రతిలో చదివాను. ఆ చివరి మలుపు దగ్గర ఒళ్లు ఝల్లుమన్నది. పెద్దయిన తరువాత మళ్లీ చదివితే ఒక పీచు పళ్లలో ఇరుక్కున్నది. గడియారం ముల్లు కదలిక తప్ప మరేదీ పట్టని ఫాగ్, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి న్యూయార్కు దాకా ఖండమంతా దాటుతూ ఒక్క వార్తాపత్రిక మీది తేదీ అయినా చూడలేదా? అభిమాన పాఠకుల లక్షణమే ఇది. మొదటిసారి వారు కథను ప్రేమిస్తారు, పదోసారి లెక్కలు సరిచూస్తారు. అయినా ఈ ముగింపును ఎవరూ కాదనలేదు. ఎందుకంటే కథ మొదటి అధ్యాయంలో వేసిన ప్రశ్నకు అది జవాబు చెప్పింది. ప్రశ్న ఒక్కటే: వస్తాడా, రాడా? వచ్చాడు.

అన్ని కథలూ అంత సూటి ప్రశ్న వేయవు. 1865లో వచ్చిన 'భూమి నుండి చంద్రునికి' నవలలో ముగ్గురు మనుషులను ఫిరంగి గుండులో కూర్చోబెట్టి ఆకాశంలోకి పేల్చి, వారు చంద్రుని చుట్టూ తిరుగుతూ ఉండగా వెర్న్ కథ ఆపివేశాడు. వారి గతి ఏమైనదో తెలుసుకోవటానికి పాఠకులు 1869 దాకా కాచుకోవలసి వచ్చింది. మన వారపత్రికలలో సీరియల్ చదివేవాళ్లు వచ్చేవారం దాకా ఆగలేక సంపాదకులకు ఉత్తరాలు వ్రాసేవారు. నాలుగేళ్లంటే వారు ఏమి చేసి ఉండేవారో!

పాఠకులను ఇలా వేధించిన వెర్న్ తానే ఒక ముగింపుతో తృప్తిపడని వీరాభిమాని. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1838లో ప్రచురించిన ఏకైక పూర్తి నవల ఆర్థర్ గోర్డన్ పిమ్ అనే యువకుని దక్షిణధ్రువ యాత్ర. చివర పడవ తెల్లని నీటితెర వైపు కొట్టుకుపోతుంది, ఎదుట ముసుగు వేసుకున్న బ్రహ్మాండమైన తెల్లని ఆకారం లేస్తుంది. అక్కడితో కథ ఆగుతుంది. పిమ్ చనిపోయాడనీ, మిగిలిన అధ్యాయాలు దొరకలేదనీ ఒక గమనిక మాత్రం ఉంటుంది. 1864లో పో గురించి వెర్న్ ఒక వ్యాసం వ్రాస్తూ, ఈ కథను మళ్లీ అందుకొని పూర్తిచేసేవాడెవడు అని నిట్టూర్చాడు. ముప్పైమూడేళ్లు గడిచినవి. ఎవరూ రాలేదు. తానే అందుకున్నాడు. 1897లో వచ్చిన 'మంచు స్ఫింక్సు' నవల అదే. అప్పటికి ఆయన వయస్సు అరవైతొమ్మిది.

మరి అందులో ఆ తెల్లని ఆకారానికి ఏమి జవాబు చెప్పాడు? అదొక అయస్కాంత పర్వతమట. స్ఫింక్సు రూపంలో ఉన్న ఆ కొండ ఇనుమునంతా తనవైపు లాగుకుంటుంది. భుజాన తుపాకి ఉన్న పాపానికి పిమ్ శవం దానికి అంటుకొని వేలాడుతూ కనిపిస్తుంది. లెక్క తేలింది, రహస్యం పోయింది. పోను ప్రేమించేవారు చాలామంది ఈ సమాధానాన్ని ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ప్రశ్న ఏమిటన్నదే ఇక్కడ పొరపాటు. పో పాఠకుడు అడిగినది 'ఆ ఆకారం దేనితో చేసినది?' అని కాదు. భయం ఎక్కడి దాకా పోతుందో చూడాలనుకున్నాడు. వెర్న్ అతనికి ఇనుపముక్క చేతిలో పెట్టాడు. అయితే, ముప్పైమూడేళ్లు ఒక పుస్తకాన్ని గుండెల్లో మోసిన పాఠకుణ్ణి తప్పుపట్టటానికి నాకు నోరు రాదు.

వెర్న్ ముగింపులను తూచేముందు మరొక వ్యక్తిని కూడా త్రాసులో కూర్చోబెట్టాలి. ఆయన ప్రచురణకర్త పియర్ జూల్ హెట్జెల్. వెర్న్‌ను వెలుగులోకి తెచ్చినవాడు, ఆయన నవలలను తన పత్రికలో ధారావాహికంగా వేసినవాడు, ఎర్రసిరాతో దిద్దినవాడు. కుటుంబమంతా కూర్చొని చదివే పత్రిక గనుక ఆయన భయాలు ఆయనకున్నవి. మొదటి సంచికలలో వచ్చిన 'కెప్టెన్ హాటెరాస్ సాహసాలు' నవలను వెర్న్ ముగించిన తీరు వేరు. ఉత్తరధ్రువాన్ని చేరాలన్న పిచ్చితో హాటెరాస్ సరిగ్గా ధ్రువబిందువు మీద ఉన్న అగ్నిపర్వతం ఎక్కి, దాని నోటిలోకి దూకి మరణిస్తాడు. హెట్జెల్ కూడదన్నాడు. కథానాయకుడు బ్రతకాలన్నాడు. వెర్న్ ఒప్పుకొన్నాడు. బ్రతికించాడు, గాని మతి తీసివేశాడు! అచ్చయిన పుస్తకంలో హాటెరాస్ ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర పిచ్చాసుపత్రిలో ఉంటాడు. మాట లేదు, చూపులో గుర్తింపు లేదు. రోజూ తన కుక్కను వెంటబెట్టుకొని ఒకే బాటలో నడుస్తాడు. బాట చివర ఆగి, మొగం త్రిప్పకుండా వెనక్కు నడిచి వస్తాడు. ఆయన నడిచే దిక్కు ఏదో చివరకు తెలుస్తుంది. ఉత్తరం.

నా మట్టుకు నాకు మంటల్లోకి దూకటం కంటే ఇది వేయిరెట్లు గొప్పగా తోస్తుంది. రచయిత స్వేచ్ఛను హరించిన సంపాదకుని పట్టుదల నుండి రచయితకు కూడా తట్టని ముగింపు పుట్టింది. ఈ మాట అనటం అనువాదకుడనైన నాకు కొంచెం ఇబ్బందే. మూలరచయిత మనస్సే ప్రమాణమని రోజూ వల్లించేవాణ్ణి. వెర్న్ చేతివ్రాత ప్రతిలోని ముగింపే అసలైనదని వాదించే అభిమానులు ఉన్నారు. వారి వాదం వినదగినదే. కాని రాత్రి దీపం ఆర్పిన తరువాత నాకు కనిపించేది మాత్రం వెనక్కు నడిచే ఆ మనిషే.

ఇక నీమో సంగతి. మొదట వెర్న్ ఊహలో నీమో పోలండు దేశపు కులీనుడు. రష్యా చక్రవర్తి సేనలు అతని కుటుంబాన్ని హతమార్చగా లోకాన్ని విడిచి సముద్రంలోకి పోయినవాడు. 1863లో పోలండులో తిరుగుబాటు జరిగి అణగిపోయింది, ఆ నెత్తురు ఇంకా ఆరలేదు. హెట్జెల్ భయపడ్డాడు. రష్యాలో పుస్తకాలు అమ్ముకోవాలి గదా! నీమో శత్రువులు బానిస వ్యాపారులని వ్రాయమన్నాడు. వెర్న్ వినలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచినవి. ఇద్దరిలో ఎవరి మాటా చెల్లలేదు. నీమో దేశమేదో చెప్పకుండానే 1870లో నవల పూర్తయినది. మా పెద్దాయనకు కోపం తెప్పించిన మౌనం ఇలా పుట్టినది. అది పూర్తిగా కళ కోసం పాటించిన మౌనం కాదు, ఒక రాజీ.

రింగురోడ్డు బట్టల మార్కెట్టులో చీరల వ్యాపారం చేసే నా గుజరాతీ మిత్రుడొకడు ఈ నవలను బాల్యంలో 'సాగర్ సమ్రాట్' పేరుతో చదివాడు. భావనగర్ దక్షిణామూర్తి సంస్థకు చెందిన విద్యావేత్త మూల్‌శంకర్ భట్ వెర్న్ నవలలు కొన్నింటిని గుజరాతీ చేశాడు. గుజరాత్‌లో చదువుకున్న ఇళ్లలో అవి చిరకాలంగా పిల్లల పుస్తకాలు. మా పెద్దాయన కోపం గురించి చెప్పినప్పుడు మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. "కాదు భాయ్, అక్కడే ఆగాలి. పదేళ్ల వయస్సులో ఆ పుస్తకం మూసి, తపతి ఒడ్డుకు పోయి నీళ్లలోకి చూస్తూ నిలుచున్నాను. నాటిలస్ ఎక్కడైనా ఉండవచ్చు గదా అనుకున్నాను. తరువాత రెండో పుస్తకం చదివాను. ఆయన చచ్చిపోయాడు. ఇక ఒడ్డుకు పోవటం మానేశాను" అన్నాడు.

ఆ రెండో పుస్తకం 1874 జనవరి నుండి 1875 డిసెంబరు దాకా ధారావాహికంగా వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో బందీలైన అయిదుగురు బెలూన్‌లో పారిపోయి పసిఫిక్ సముద్రంలో నిర్జన ద్వీపాన పడతారు. ఆపద వచ్చినప్పుడల్లా కనిపించని చెయ్యి ఏదో వారిని కాపాడుతూ ఉంటుంది. ఆ చెయ్యి నీమోది. ముసలివాడై, ద్వీపం క్రింది గుహలో నాటిలస్‌తో సహా చిక్కుకుపోయి, ఒంటరిగా చావు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. అతని దేశం అప్పుడు బయటపడుతుంది. అతడు భారతీయుడు! బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, పేరు డక్కార్. పదేళ్ల వయస్సులో ఐరోపాకు చదువుకు పోయి, 1849లో తిరిగివచ్చి, 1857 తిరుగుబాటులో ముందు నిలిచి పోరాడి, తల్లిదండ్రులనూ భార్యాబిడ్డలనూ పోగొట్టుకున్నవాడు.

ఈ భాగం చదివిన ఆదివారం మా గదిలో పండుగ అయింది. కోపగించుకున్న పెద్దాయనే, "మనోడే! నేను అప్పుడే అనుకున్న" అని తొడ చరిచాడు. ఆయన అప్పుడు అలా అనుకోలేదని అందరికీ తెలుసు.

వారి సంతోషాన్ని చూస్తూ నేను మాత్రం లెక్కలలో మునిగివున్నాను. డక్కార్ టిప్పు సుల్తాన్‌కు 'నెవ్యూ' అవుతాడని వెర్న్ వ్రాశాడు. ఫ్రెంచివాడికి అన్నకొడుకైనా చెల్లెలికొడుకైనా అదే మాట. తెలుగులో ఆ సౌఖ్యం లేదు. తండ్రి బుందేల్‌ఖండ్ రాజు గనుక తల్లి టిప్పు తోబుట్టువు కావాలనుకొని 'మేనల్లుడు' అని వ్రాశాను. వ్రాసిన తరువాత ఆ పెళ్లి ఎలా జరిగి ఉంటుందా అని విస్తుపోయాను. ముప్పైయేళ్ల వయస్సులో 1849లో తిరిగి వచ్చినవాడు 1819 ప్రాంతంలో పుట్టి ఉండాలి. టిప్పు శ్రీరంగపట్టణంలో వీరమరణం పొందినది 1799లో. సరే, మామను చూడని మేనల్లుళ్లు లేరా అనుకుందాము. ఇంతకంటే పెద్ద చిక్కు ఉన్నది. నీమో మరణించేది 1868 అక్టోబరులో. ఫ్రెంచి ప్రొఫెసర్ తన ఓడలోకి వచ్చి పదహారేళ్లయినదని అతడే అంటాడు. అంటే 1852. కాని 1857లో ఓడిన తరువాతనే గదా అతడు సముద్రంలోకి పోయినది! మొదటి నవలలోనైతే ప్రొఫెసర్ నాటిలస్ ఎక్కినది 1867లో. 1865 నుండి ద్వీపంలోనే ఉన్న ఇంజనీరు సైరస్ స్మిత్ ఆ ప్రొఫెసర్ పుస్తకం గురించి ముందే ఎరుగును! తేదీలు పొసగటం లేదని అచ్చులోనే అడుగున ఒక సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. నూటయాభై ఏళ్లుగా అభిమానులు ఈ ముడి విప్పుతూనే ఉన్నారు. అది వారికి ఒక ఆట. ప్రేమ లేకపోతే ఎవరూ ఇంత శ్రమ పడరు.

తేదీలను నేను క్షమించగలను. క్షమించటం కష్టమైనది మరొకటి. చనిపోయేముందు నీమో తన కథ చెప్పి, నేను చేసినది తప్పా ఒప్పా అని ఇంజనీరును అడుగుతాడు. గతాన్ని తిరిగి బ్రతికించవచ్చుననుకోవటం, అనివార్యమైన పురోగతికి ఎదురునిలవటం నీ పొరపాటని ఇంజనీరు సమాధానం చెబుతాడు. దాన్ని కొందరు మెచ్చవచ్చు, కొందరు నిందించవచ్చు, తీర్పు దేవునిదే అని కూడా అంటాడు. అయిదుగురు అమెరికన్లలో ఒకరికైనా, పరాయి పాలనను ఎదిరించటం గతాన్ని బ్రతికించటం ఎట్లాగవుతుందని తోచలేదు. అంతకు కొన్ని పుటల ముందే తిరుగుబాటును అణచిన ఆంగ్లేయుల బలప్రయోగాన్ని దుయ్యబట్టిన రచయిత, ముగింపులో తీర్పు చెప్పే పీట మీద మాత్రం ఇంకొకరిని కూర్చోబెట్టాడు. అయిదేళ్లు గడిచేసరికి 1880లో 'ఆవిరి ఇల్లు' నవలలో నానాసాహెబును పూర్తిగా దుష్టపాత్ర చేశాడు. మనవాడని తొడ చరిచేముందు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

అంతేకాదు, మన తాతలు ఇంగ్లీషులో చదివిన నీమో ఈ నీమో కూడా కాదు. 1875లో కింగ్‌స్టన్ పేరుతో వెలువడి చాలాకాలం చలామణీ అయిన ఇంగ్లీషు అనువాదంలో ఇంజనీరు పేరే మారిపోయి సైరస్ హార్డింగ్ అయినాడు. 1857ను గురించిన భాగంలో ఆంగ్ల పాలనను తప్పుపట్టిన వాక్యాలు మెత్తబడినవి, కొన్ని తారుమారయినవి. మొదటి నవలకు మెర్సియర్ అనే మతాచార్యుడు చేసిన అనువాదంలో సుమారు నాల్గవవంతు గల్లంతైంది. ఉన్నదాంట్లో అమెరికాలోని 'బ్యాడ్ లాండ్స్' అనే ప్రాంతం 'అప్రియమైన ప్రదేశాలు'గా మారింది. నా తోటి అనువాదకులు నవ్వటానికి ముందు తమ తమ పాత అనువాదాలు ఒకసారి తీసి చూసుకోవాలని మనవి. 1960ల తరువాత గాని ఈ కోతలను వాల్టర్ జేమ్స్ మిల్లర్ వంటివారు బయటపెట్టలేదు. 'రహస్య ద్వీపా'నికి నమ్మదగిన కొత్త ఇంగ్లీషు అనువాదాలు 2001లో వచ్చినవి.

ఇప్పుడు నా కలం ఆగిన చోటుకు వస్తాను. అచ్చయిన ఫ్రెంచి పుస్తకంలో నీమో దైవాన్నీ మాతృదేశాన్నీ కలిపి తలచుకొని కన్నుమూస్తాడు. వెర్న్ చేతివ్రాత ప్రతిలో అలా లేదు. అక్కడ ఉన్నది ఒకే ఒక్క మాట: స్వాతంత్ర్యం. దాన్ని కొట్టివేయించి ఇంకొకటి పెట్టించినది మళ్లీ హెట్జెలే. హాటెరాస్ విషయంలో ఆయనకు చేతులెత్తి నమస్కరించాను. ఇక్కడ చెయ్యి లేవలేదు. కుటుంబాన్ని పోగొట్టుకొని, ఖండాలను త్యజించి, ఏ జెండాకూ తలవంచని మనిషి చివరి శ్వాసలో ఏమంటాడో రెండు నవలలు చదివిన పాఠకునికి ఎవరూ చెప్పనక్కరలేదు. హాటెరాస్ కథలో సంపాదకుడు మార్చినది సంఘటనను. మనిషి అదే మనిషిగా మిగిలాడు, ఇంకా లోతుగా మిగిలాడు. నీమో దగ్గర మార్చినది మనిషిని.

ముగింపులను ఇతరులు దిద్దటం వెర్న్‌తో పాటు అంతం కాలేదు. 1905లో ఆయన పోయిన తరువాత కుమారుడు మిషెల్ తండ్రి వ్రాతప్రతులను సవరించి అచ్చు వేయించాడు. 'విల్‌హెల్మ్ స్టోరిట్జ్ రహస్యం'లో అదృశ్యమైన నవవధువు తండ్రి ప్రతిలో చివరిదాకా అదృశ్యంగానే ఉండిపోతుంది. కొడుకు ప్రతిలో బిడ్డను కనగానే మళ్లీ కంటికి కనిపిస్తుంది! అసలు ప్రతి 1985 నుండి పాఠకులకు దక్కుతున్నది. ఈ విద్యలో రచయితలు కూడా తీసిపోరు. మన పొరుగునే శ్రీలంకలో 1956 నుండి 2008లో మరణించేదాకా నివసించిన ఆర్థర్ క్లార్క్, 1973 నాటి 'రామాతో సమావేశం' నవల చివర ఒక చిన్న వాక్యం చేర్చాడు. ఆ అంతరిక్ష నౌకను పంపినవాళ్లు ఏ పనైనా మూడేసి చొప్పున చేస్తారని దాని సారాంశం. కొనసాగింపు వ్రాసే ఉద్దేశంతో అది చేర్చలేదని ఆయనే చెప్పాడు. పదహారేళ్లకు మరొక రచయిత తోడుగా కొనసాగింపులు రానే వచ్చినవి. రామా ఎవరిదో, ఎందుకు వచ్చిందో విడమరచి చెప్పిన ఆ సంపుటాలను మొదటి పుస్తకపు అభిమానులు ఎంతమంది మళ్లీ తెరిచి చూస్తారో నాకు సందేహమే. మా చీరల వ్యాపారి మాటే నిజమనిపిస్తుంది, నదీతీరానికి పోవటం మానివేస్తారు.

చివరకు నేను చేసినది చెబుతాను. అచ్చుప్రతిలోని మాటను తెలుగు పాఠంలో ఉంచాను. నేను అనువాదకుణ్ణి, హెట్జెల్‌ను కాను. ఒకరు దిద్దారు గదా అని తిరిగి దిద్దే అధికారం నాకు లేదు. చేతివ్రాత ప్రతిలోని మాటను పుట అడుగున, ఎవరు ఎందుకు మార్పించారో చెప్పి అచ్చు వేయమని ప్రచురణకర్తను కోరాను. కోరికకు ఇంకా జవాబు రాలేదు.

గదిలో చదివిన రోజున మాత్రం రెండూ చదివాను. మొదట అచ్చులో ఉన్నది, తరువాత కొట్టివేసినది. మా పెద్దాయన కాసేపు ఆలోచించి, "రెండోదే ఆయన మాట" అన్నాడు. ఆయన పక్కన కూర్చున్న స్త్రీ ఒప్పుకోలేదు. చచ్చేటప్పుడు మనిషికి దేవుడు గుర్తుకు రాకుండా ఉంటాడా అని అడిగింది. వాదన పెరిగింది, టీ వచ్చింది, చల్లారింది. చీరల వ్యాపారి మిత్రుడు ఆ రోజు నాతో వచ్చివున్నాడు. తెలుగు రాదు గనుక మధ్యమధ్య నేను హిందీలో చెబుతున్నాను. ఆయన ఏ పక్షమూ వహించలేదు. ఆయనకు నీమో మరణమే సమ్మతం కాదు.

చివరి పుట మిగిలి ఉండగా అందరినీ ఆపి చదివాను. నీమో కోరిక ప్రకారం అతని శరీరాన్ని నాటిలస్‌లోనే ఉంచి, తలుపులు బిగించి, వెనుకవైపు నీటి కుళాయిలు తెరుస్తారు. ఓడ మెల్లగా గుహలోని నీళ్లలోకి దిగుతుంది. లోపలి విద్యుద్దీపాలు వెలుగుతూనే ఉంటాయి. నీళ్లను వెలిగిస్తూ వెలిగిస్తూ ఆ కాంతి క్రిందికి దిగి, కనుమరుగవుతుంది.

గుమ్మం దగ్గరి పిల్లవాడు అప్పటిదాకా నోరు విప్పలేదు. ఎవరి చివరిమాటా వాడికి పట్టినట్లు లేదు.

"సార్, గా లైట్లు ఎన్ని రోజులు మండినయి?" అని అడిగాడు.

నాటిలస్‌కు కరెంటు సముద్రపు నీటి నుండి తీసిన సోడియంతో పనిచేసే బ్యాటరీల వల్ల వస్తుందని మొదటి పుస్తకంలో చదివినది వాడికి గుర్తున్నది. చుట్టూ సముద్రమే గదా, నీళ్లు అయిపోవు గదా అని వాడి తర్కం. సోడియం దానంతట అది తయారు కాదనీ, ఎవరో ఒకరు తీయాలనీ, లోపల ఎవరూ లేరనీ చెప్పాను. ఎన్ని రోజులన్నది మాత్రం పుస్తకంలో లేదన్నాను.

"నిల్వ ఎంతుండె?" అన్నాడు వాడు.

అదీ పుస్తకంలో లేదు. వాడు నా చేతిలోని పెన్సిలు అడిగి తీసుకొని, అట్ట వెనుక లెక్క వేయటం మొదలుపెట్టాడు. క్రింద మగ్గాలు మళ్లీ అందుకున్నవి.